మంచం కింద డబ్బా

ఇంటికి రంగులు వేయించాలని మా ఆవిడ మూడేళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. ఈ ఎండాకాలం ఇక తప్పించుకోలేకపోయాను. పెయింటర్లు వచ్చేలోగా అటక ఖాళీ చేసి పెట్టమని హుకుం జారీ అయింది. రిటైరైన లెక్కల మాస్టారుకి అంతకంటే పనేముంటుందని ఆమె ఉద్దేశం. నిచ్చెన వేసుకుని ఎక్కాను. పగిలిన స్టీలు బిందె, పాత పరుపు, పిల్లల పుస్తకాలు, వాటన్నిటి వెనకాల సుతిలితో కట్టిన అట్టపెట్టె ఒకటి. అదేమిటో విప్పకముందే నాకు తెలుసు. తెలిసీ విప్పాను.

టేప్ రికార్డరు, నలభై దాకా క్యాసెట్లు. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వారానికోసారి ఎవడో ఒకడు క్యాసెట్ బొమ్మ పెడతాడు, పక్కన రీలు చుట్టే పెన్సిలు బొమ్మ. కింద నలుగురు గుండెకాయలు పెడతారు. ఆ రోజులే వేరు సార్ అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. వేరే నాయనా, వేరే. ఆ రోజుల్లో నేను చేసిన పని మీకు తెలిస్తే నన్ను సార్ అనడం మానేస్తారు.

క్యాసెట్లన్నీ పాటలవే. ఒక్కదాని మీద మాత్రం నా చేతిరాతతో 'ఇంగ్లీషు గ్రామర్, రెండవ భాగం' అని ఉంది. మొదటి భాగం ఎప్పుడూ లేదు. ఎవరూ ముట్టుకోకూడదని పెట్టిన పేరు అది. దాన్ని పట్టుకుని నిచ్చెన మీదే నిలబడిపోయాను.

"ఏంది, గట్ల బిగుసుకపోయిండ్రు? పాము గిట్ల కనవడ్డదా?" అంది కింది నుంచి మా ఆవిడ.

పామైతే బాగుండేది.

ఆ టేప్ రికార్డరు నాకు కొనిచ్చింది మా మామ. మా నాయన చెల్లెలి భర్త. మాది ఖమ్మం దగ్గర ముదిగొండ దాటాక లోపలికి ఉండే పల్లె. మా మేనత్తను ఏన్కూరు అవతల అడవి అంచు పల్లెకు ఇచ్చారు. మామకు కొత్తగూడెంలో బొగ్గుబాయి ఉద్యోగం, అక్కడే క్వార్టర్లో కాపురం. నేను పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యానని ఆ ఏడు బోనస్ రాగానే టేప్ రికార్డరు భుజాన వేసుకుని బస్సు దిగాడు. "అల్లుడు పాసైతే ఉత్త చేతుల్తోటి వస్తనారా?" అన్నాడు. ఊళ్లో అది రెండో టేప్ రికార్డరు. మొదటిది సర్పంచిది, అది ఎప్పుడూ రిపేర్లోనే ఉండేది.

రెండు మీటలు కలిపి నొక్కితే ఎర్ర లైటు వెలిగి, ముందున్న చిన్న చిల్లుల్లోంచి ఎదురుగా ఉన్న శబ్దమంతా లోపలికి పోయేది. నాకు పిచ్చి పట్టింది. బావి గిలక, మా గేదె, పక్కింటి ముసలాయన దగ్గు, అన్నీ పట్టాను. ఏవీ సరిగ్గా వచ్చేవి కావు. గరగరమనేవి. ఒక్కటైనా రేడియోలో వచ్చినంత శుభ్రంగా పట్టాలని నా పట్టుదల.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, చలికాలంలో, మా నాయనమ్మ పోయింది.

మా వైపు ఆడవాళ్లు చావు దగ్గర ఊరికే ఏడవరు. శవం పక్కన కూర్చుని, ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, రాగం తీసి పోయిన మనిషితో మాట్లాడతారు. బతికున్నవాళ్లతో అనలేని మాటలన్నీ పోయినవాళ్లతో అంటారు. అత్త తిట్టింది, మరిది మాట పడేశాడు, మొగుడు కొట్టాడు, అన్న చూడలేదు, అన్నీ ఆ రాగంలోనే. చుట్టూ అందరూ ఉంటారు. ఆ మాట ఎవరి గురించో వాళ్లూ అక్కడే ఉంటారు, తల దించుకుని వింటారు. దానికో కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. అక్కడ అన్న మాట అక్కడే. శవం లేచిందంటే మాటలూ దానితోపాటు లేచినట్టే. పోయిన మనిషి వాటిని మోసుకుపోతుంది. మర్నాడు ఎవరూ ఎవరినీ నిలదీయరు, ఇంకొకరి చెవిన వేయరు.

మా అత్త ఏడిస్తే ఊరు ఊరంతా పనులాపి వచ్చేది. పొగడ్త కోసం అనడం లేదు. వేరే ఇళ్లలో చావైనా ఆమె పుట్టింట్లో ఉందని తెలిస్తే కబురు పంపేవాళ్లు. ఆమె రాగం ఎత్తుకుంటే రాయిలాంటి మగవాళ్లు కూడా తువ్వాలు నోట్లో కుక్కుకునేవాళ్లు. అలాంటి మనిషి తన కన్నతల్లి పోయిందని ఏడవబోతోంది. నాకు ఆ పొద్దున నాయనమ్మ పోయిందన్న దుఃఖం లేదని కాదు. ఉంది. కానీ దుఃఖం పక్కనే ఇంకో ఆలోచన కూడా ఉంది. కొత్త సెల్లులు వేసి ఉన్నాయి, ఖాళీ క్యాసెట్ ఉంది.

వసారాలో నాయనమ్మను చాప మీద పడుకోబెట్టారు. గోడవారగా నులక మంచం ఉంది. ఎవరూ చూడకుండా టేప్ రికార్డరును మంచం కింద పెట్టి, చిల్లులు మాత్రం కనిపించేలా తువ్వాలు కప్పాను. అత్త కొత్తగూడెం నుంచి వచ్చి గడపలో కూలబడి రాగం ఎత్తుకోగానే, మంచం కిందికి చెయ్యి పోనిచ్చి రెండు మీటలూ నొక్కాను.

"ఓ అమ్మా... నా కన్నతల్లీ... నీ సేతి ముద్ద తిని పెరిగిన దాన్నే... నీ నోట్ల గంజి సుక్క పొయ్యనన్న రాకపోతినే అమ్మా..." అని మొదలుపెట్టింది. తల్లికి ఆఖరి రోజుల్లో వేళకు గంజి పొయ్యలేదని మా అమ్మను అంది. దవాఖానాకు జల్దీగా తీసుకుపోలేదని మా నాయనను అంది. మా నాయన స్తంభానికి ఆనుకుని వింటున్నాడు. ఆఖర్న మామ దగ్గరికి వచ్చింది. "బాయి బెల్టు నడుముకు కట్టుకునేటోడు... ఇంటికొచ్చి నా ఈపుకు కట్టిండే అమ్మా... ఈపు సూపెట్టుకుందామంటే నువ్వు కండ్లు మూస్తివే అమ్మా..." గనిలో టోపీ లైటు బ్యాటరీని నడుముకు కట్టుకునే వెడల్పాటి తోలు బెల్టు అది. మామ తాగి దానితో కొట్టేవాడట. ఆ సంగతి మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. ఆ ఏడుపులో తప్ప ఆమె ఇంకెక్కడా దాన్ని చెప్పలేదు.

మామ వాకిట్లో పాడె కట్టే వాళ్లతో ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు.

శవం లేచింది. స్నానాలయ్యాయి. మా అమ్మే, గంజి పొయ్యలేదని మాటపడ్డ మా అమ్మే, అత్త కాళ్ల మీద నీళ్లు పోసి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒకే కంచంలో తినిపించింది. అంతా మామూలైపోయింది. అందరూ మరిచిపోయిన ఆ మాటలు మంచం కింద డబ్బాలో మాత్రం ఉన్నాయి.

ఆ సాయంత్రం చేను గట్టు మీద కూర్చుని చిన్న సౌండు పెట్టి విన్నాను. గరగర లేదు. వెనకాల వాకిట్లో వెదురు నరికే చప్పుడుతో సహా ఎంత శుభ్రంగా వచ్చిందో చెప్పలేను. ఇక దాని మీద ఇంకేదీ ఎక్కకుండా క్యాసెట్ నెత్తిన ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును గోటితో విరిచేశాను. అది విరిస్తే రికార్డు మీట దిగదు.

అంతటితో దాచుకున్నా పాపం సగమే అయ్యేది. ఖమ్మంలో కాలేజీ హాస్టలు గదిలో ముగ్గురికి వినిపించాను. "ఎట్లుంది?" అని అడిగాను కూడా. రికార్డింగు గురించి. ముగ్గురిలో ఒకడు కొత్తగూడెం వాడు. ఒక్కరోజు ఇవ్వరా, మా అమ్మకు వినిపించి తెస్తానన్నాడు. ఇచ్చాను. వాడు నాది నాకు తెచ్చిచ్చేలోగా దాన్ని రికార్డింగు షాపులో పాటల క్యాసెట్ చివర మిగిలిన జాగాలో ఎక్కించుకున్నాడు. ఆ పాటల క్యాసెట్ ఎన్ని చేతులు మారిందో, చివరికి బొగ్గుబాయి ముందున్న టీకొట్టుకు చేరింది.

మొదటి షిఫ్టు దిగి, ఒళ్లంతా మసితో, మామ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడట. పాటలయిపోయాయి. ఆయన భార్య గొంతు మొదలైంది. బెల్టు మాట వచ్చేసరికి గొంతును గుర్తుపట్టినవాళ్లు ఆయన నడుము వైపు చూసి నవ్వారట. ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా గనిలో ఆయన పేరు బెల్టు. "ఏం బెల్టూ, సెకండ్ షిఫ్టా?" అనేవాళ్లు. నాకు టేప్ రికార్డరు కొనిచ్చిన మనిషికి నేను ఇచ్చింది ఆ పేరు.

విషయం మా ఇంటికి చేరేసరికి వారం. మా అమ్మ నన్ను చెంప మీద కొట్టింది. నా జన్మలో ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. "ఏడుపును పడతవారా? నువ్వు మనిషివేనా?" అంది. మా నాయన నన్ను బస్సెక్కించి కొత్తగూడెం తీసుకుపోయి, టీకొట్టులో ఉన్న క్యాసెట్ అడిగి తీసుకుని విరగ్గొట్టి, అత్త ముందు నిలబెట్టి, "ఆ క్యాసెట్ కాల్చు" అన్నాడు. నేను కాల్చాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని, రీలంతా బయటికి లాగి, మంటలో వేసి కాల్చాను. కంపు కొట్టింది. రీలంతా మాడేదాకా ఆమె చూస్తూ ఉంది.

నేను కాల్చింది అదే కంపెనీది, ఖాళీ క్యాసెట్. అసలుది అప్పటికే ఇంగ్లీషు గ్రామర్ అయిపోయింది. ఎందుకు దాచానని అడిగితే పెద్ద కారణమేమీ లేదు. బాగా వచ్చింది కాబట్టి. అంతే. థూ, నా బతుకు.

తర్వాత ఏడెనిమిదేళ్లు అత్త మా గడప తొక్కలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లకూ పండగలకూ వచ్చేది, పలకరిస్తే పలికేది. కానీ ఎవరి చావుకు వెళ్లినా మూలకు కూర్చుని లేచి వచ్చేసేది. నోరు తెరవలేదు. మా నాయన పోయినప్పుడు తెరవలేదు, మా అమ్మ పోయినప్పుడు తెరవలేదు. చివరికి మామ పోయాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. అత్త ఆయన తల దగ్గర కూర్చుని ఉంది, కళ్లు మాత్రం అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఎవరి కోసమో అనుకున్నాను. "కట్టుకున్నోడు సస్తే కన్నీటి సుక్క రాలలే, ఏం గుండె తల్లీ!" అని ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. నేను విని ఊరుకున్నాను. అక్కడ నిలబడి, ఇది నా పాపం అని ఒక్క మాట అంటే ఆమె మీద ఆ నింద పోయేది. అనలేదు.

నాకు నేను చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. ఆ రోజు టీకొట్టు నుంచి ఇంటికి పోయాక మామ మళ్లీ అత్త మీద చెయ్యి ఎత్తలేదట. ఆ మాట ఎవరో చెప్పగా విని, ఇన్నేళ్లూ దాన్ని మెడల్లాగా లోపల వేసుకుని తిరిగాను. పెళ్లాన్ని కొట్టేవాడి బండారం బయటపెట్టాను, దెబ్బలు ఆగాయి, ఇంకేం కావాలి అని.

అటక దిగాక టేప్ రికార్డరును ఖమ్మం బజార్లో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ముందు గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతారు. ఆయన వెనక గదిలో ఒక బల్బు కింద ఒంటరిగా కూర్చుని పాత రేడియోలు విప్పుతుంటాడు. లోపలి రబ్బరు బెల్టు జిగురైపోయింది, అది మార్చి, స్పిరిట్ అద్దిన దూదితో హెడ్డు తుడిచి, "ఏదన్న క్యాసెట్ ఇయ్యిండ్రి సార్, జూద్దాం" అన్నాడు. సంచిలో పది పాటల క్యాసెట్లున్నాయి. నా చెయ్యి గ్రామర్ క్యాసెట్టే తీసింది. నా చెయ్యేమిటి, నేనే తీశాను.

అత్త గొంతు వచ్చింది. అప్పటి గొంతు, ఏమీ మాయలేదు. మెకానిక్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవలు సార్ ఈ తల్లి? ఏం గొంతు సార్! గిసొంటి రికార్డింగ్ ఎవలు చేసిండ్రు, ఇంత క్లీన్ గ?"

"నేనే" అన్నాను.

ఎంత గర్వంగా వచ్చిందో ఆ మాట! నలభై ఏళ్లకు పైగా ఎవరైనా అలా అడుగుతారని కాచుకుని ఉన్నట్టు వచ్చింది. ఆయన ఫోను తీశాడు. "నేను జర ఎక్కించుకుంట సార్. నెట్ల పెడితే లక్షల మంది ఇంటరు." నేను వెంటనే వద్దనలేదు. ఆ సంగతి దాస్తే ఇక ఈ రాత రాయడం దేనికి? రెండు మూడు క్షణాలు లక్షల మంది అన్న మాట నా చెవుల్లో తియ్యగా తిరిగింది. ఆయన బొటనవేలు ఫోను మీద ఎర్ర గుండు దగ్గరికి పోతుంటే అప్పుడు టీకొట్టు గుర్తొచ్చింది. చటుక్కున మీట నొక్కి ఆపేశాను.

వయసొస్తే బుద్ధి వస్తుందంటారు. నాకు తెల్లజుట్టు మాత్రమే వచ్చినట్టుంది.

మర్నాడు పొద్దున కొత్తగూడెం బస్సెక్కాను. సంచిలో టేప్ రికార్డరు, సెల్లులు, క్యాసెట్. తప్పు ఒప్పుకోవడానికే పోతున్నాను, కాదనను. కానీ తల్లాడ దాటేసరికే తలలో ఇంకో బొమ్మ తయారైంది. తన గొంతు తాను విని అత్త కరిగిపోతుంది, నన్ను దగ్గరికి తీసుకుంటుంది, పోనీలే బిడ్డా, నా గొంతన్నా మిగిల్చినవ్ అంటుంది. ఏన్కూరులో బస్సు ఆగి మళ్లీ కదిలేసరికి ఆ బొమ్మను నేనే నమ్మేశాను. అక్కడి నుంచి టేకు చెట్లు మొదలవుతాయి. ఆకు రాలి అడవంతా బోడిగా ఉంది.

ఏన్కూరు అవతల మామ సొంతూళ్లో దిగాను. రిటైరయ్యాక ఆయన కట్టిన రెండు గదుల ఇల్లు. కొడుకూ కోడలూ మిరపతోటకు పోయారు. అత్త వాకిట్లో రేకుల నీడన చాప మీద ఎండు మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. మోకాలికి నొప్పి ప్లాస్టరు వేసుకుని ఉంది.

"ఏంది బిడ్డా, గిట్ల వచ్చినవ్? అంత మంచేనా?"

"మంచే అత్తా" అని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక టేప్ రికార్డరు బయటికి తీసి ముందు పెట్టాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మీ మామ తెచ్చింది" అంది. "ఇంక ఉన్నదా?"

క్యాసెట్ చూపించాను. "అత్తా, ఆనాడు నేను కాల్చింది ఇది కాదు."

ఆమె క్యాసెట్ వైపే చూస్తోంది. మిరప ఘాటుకు నాకు తుమ్ము వచ్చింది. తుమ్మడానికి కూడా భయమేసింది.

"నా పొయ్యిల, నా కండ్ల ముంగట కాల్చినవ్ గద" అంది చివరికి. "నేను నమ్మిన."

నేను క్యాసెట్ మీద ఉన్న నా రాతను బొటనవేలితో మూశాను.

"పెట్టు, ఇంట" అంది.

పెట్టాను. నేను ఊహించుకున్నది ఏదీ జరగలేదు. ఆమె కరగలేదు. తన గొంతును ఎవరో పరాయి మనిషి గొంతు విన్నట్టు, తల వంచుకుని, మొదటి నుంచి చివరిదాకా విన్నది. బెల్టు మాట దగ్గర కళ్లు మూసుకుంది, అంతే. అయిపోయాక, నోరుండబట్టక, నా మెడల్ బయటికి తీశాను.

"అత్తా, కానీ దీనివల్లనే గదా మామ కొట్టుడు బందు జేసింది?"

ఆమె నా ముఖంలోకి చూసింది.

"అవ్. బందు జేసిండు. ఆ దినం ఇంటికొచ్చి బెల్టు ఇప్పి నా ముంగట వడేసి, ఊరందరికి జెప్పుకున్నవ్ గద, ఇంక సాలునా అన్నడు. మల్ల కొట్టలే. నాతోని మాట్లాడలే గూడ. ఎన్నేండ్లో తెల్సా? సచ్చేదాంక. అన్నం పెడితే తిన్నడు, లేసి పొయిండు. నేనే నీకు జెప్పి టేపు జేపిచ్చిన అనుకున్నడు. కాదంటే నమ్మలే."

ఆమె ఆగలేదు. గొంతు పెంచలేదు కూడా. మళ్లీ తొడిమలు తీస్తూనే అంది.

"నేను మా అమ్మకు జెప్పుకున్న. ఊరికి జెప్పలే, నీకు జెప్పలే. అమ్మతోని పంపిచ్చిన, నా బరువు దిగింది. మీ మామ మీద కోపం గూడ ఆన్నే ఇడిసిపెట్టిన. నువ్వు అమ్మ దగ్గరికెల్లి గుంజుకొచ్చి మల్ల నా నెత్తిన వెట్టినవ్."

"అత్తా..."

"మీ మామ సచ్చిన్నాడు నా నోట్లెకు వచ్చింది బిడ్డా. ఇన్నేండ్లు మాట్లాడనోనితోని ఆనాడన్న మాట్లాడాలె అనుకున్న. నేను జెప్పలేదయ్యా, నా పాపం గాదు అని ఏడ్వాలె అనుకున్న. నోరు తెరిసే ముంగట నాలుగు దిక్కుల జూసిన. మంచం కింద గూడ వంగి జూసిన, ఎవలన్న డబ్బ పెట్టిండ్రేమో అని. నువ్వు ఆన్నే నిలవడ్డవ్ గద. బుగులైంది. నోరు మూసుకున్న."

ఆ రోజు ఆమె కళ్లు వెతికింది ఎవరినో కాదు. ఈ డబ్బాను.

"ఇప్పుడే కాల్చేస్త అత్తా, అగ్గిపెట్టె ఇయ్యి" అన్నాను లేచి.

"కాల్చుడు ఒకపారి జూసిన గద" అంది. "కాల్చుడు వద్దు. దీన్ల మల్ల నింపితే మునుపటిది పోతదంటరు గద. నా ముంగట్నే పోవాలె. పొయిందో లేదో నా చెవులతోని ఇంట."

క్యాసెట్ నెత్తిన పలుకు ఆనాడే విరిచేశాను, ఆ గుంట మూస్తే తప్ప రికార్డు మీట దిగదు. ఆ మాట చెబితే ఆమె వంగి, మోకాలి ప్లాస్టరు అంచు నుంచి చిన్న ముక్క చించి నా చేతిలో పెట్టింది. గుంట మీద అతికించాను. రెండు మీటలూ కలిపి నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది.

ఒక వైపు అయిపోవడానికి అరగంట. ఆమె తొడిమలు తీస్తూ ఉంది. నేను ఎదురుగా కూర్చున్నాను. రీలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోతోంది, ఆమె గొంతు అంగుళం అంగుళం పోతోంది. అంత గొంతు! దాన్ని విన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఇంకెవరూ వినలేరు, నేను కూడా వినలేను. అయ్యో అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. తర్వాత మా అమ్మ కొట్టిన దెబ్బ, భుజాన టేప్ రికార్డరుతో బస్సు దిగిన మామ, టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోతున్న మామ వీపు, అన్నీ వరసగా వచ్చాయి. ఆపుకోలేకపోయాను. అరవై దాటిన వాణ్ని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త ఊరుకో అనలేదు.

టక్కుమని మీటలు లేచాయి.

"ఎనకకు తిప్పి ఇనిపియ్" అంది.

తిప్పి పెట్టాను. ఆమె గొంతు లేదు. తొడిమలు తుంచుతున్న చప్పుడు. కోడి. రోడ్డు మీద లారీ. ఆమె తృప్తిగా తల ఊపింది. ఆపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపటికి డబ్బాలోంచి ఒక ఎక్కిలి వచ్చింది. ఇంకొకటి. తర్వాత నా ఏడుపు, చీదుకోవడంతో సహా, మధ్యలో 'మామా, మామా' అని నేను గొణిగిన మాటలతో సహా. అలా అన్నానని నాకే తెలియదు. శుభ్రంగా వచ్చింది, గరగర లేకుండా. నాకు తల కొట్టేసినట్టయింది. నేలకేసి చూస్తూ కూర్చున్నాను. ఆమె మాత్రం మొత్తం విన్నది.

"నీ ఏడుపు ఈడ ఉండనీ" అని క్యాసెట్ తీసి కొంగున ముడి వేసుకుంది. "బుగులు వడకు. నేను ఊర్లె ఇనిపియ్య."

అన్నం తిని పొమ్మంది. తిన్నాను. ఆమె చేతి పప్పు నాకు ఏ రుచీ తెలియలేదు. టేప్ రికార్డరు అక్కడే పెట్టి వస్తుంటే, ఆమె తీసుకుపో అనలేదు, ఉండనీ అనలేదు.

ఆమె వినిపించదు. నాకు తెలుసు. ఆమె అలాంటి మనిషి కాదు. అయినా తిరుగు బస్సు తల్లాడలో ఆగినప్పుడు, టీకొట్టు దగ్గర ఎవరి ఫోనులోనో ఒక మగ గొంతు పెద్దగా వినిపించేసరికి, ఉలిక్కిపడి కిటికీలోంచి తల బయటపెట్టి అది ఎవరి గొంతో విన్నాను. ఎవరో పంట మందుల గురించి చెబుతున్నారు. బస్సు కదిలేదాకా వింటూనే ఉన్నాను.